తెలంగాణ వచ్చింది, కాటలోనియా ఎందుకు రాలేదు?

2014లో మూడున్నర నెలల తేడాతో రెండు ప్రాంతాల సంగతి తేలింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. సెప్టెంబర్ 18న స్కాట్లాండ్‌లో, బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని రెఫరెండం పెట్టారు. 84.6 శాతం పోలింగ్ జరిగింది, 55 శాతం మంది వద్దన్నారు. అక్కడ నివాసం ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు కూడా ఆ రోజు ఓటు ఉంది. అంటే గ్లాస్గోలో ఉద్యోగం చేసుకుంటున్న నల్లగొండ యువకుడికి, తన సొంత రాష్ట్రం గురించి ఎన్నడూ దొరకని రెఫరెండం ఓటు స్కాట్లాండ్ గురించి దొరికింది.

మూడేళ్ల తర్వాత, 2017 అక్టోబర్ 1న, స్పెయిన్‌లోని కాటలోనియా తనంతట తానే రెఫరెండం పెట్టుకుంది. స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని ముందే నిలిపేసింది. అయినా జనం పోలింగ్ కేంద్రాల ముందు బారులు తీరారు. పోలీసులు లాఠీలతో వచ్చి బ్యాలెట్ బాక్సులు ఎత్తుకుపోయారు. మిలియన్ మార్చ్‌నూ, 42 రోజుల సకల జనుల సమ్మెనూ చూసిన మనకు ఆ వీడియోలు చూస్తే మనసు ఆ జనం వైపే పోతుంది. నాకూ అలాగే అయింది.

ఓటు వేసినవాళ్లలో 90 శాతం మంది స్వాతంత్ర్యం కావాలన్నారు. కానీ ఓటర్లలో సగానికి పైగా అసలు ఓటే వేయలేదు. అక్టోబర్ 27న కాటలోనియా పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించింది. అదే రోజు స్పెయిన్ సెనేట్, రాజ్యాంగంలోని 155వ అధికరణం కింద ఆ ప్రాంత ప్రభుత్వాన్ని తప్పించడానికి ఆమోదం తెలిపింది. కాటలోనియా అధ్యక్షుడు కార్లెస్ పూజ్‌డెమాన్ బెల్జియం వెళ్లిపోయారు. 2019లో తొమ్మిది మంది నాయకులకు 9 నుంచి 13 ఏళ్ల జైలు శిక్షలు పడ్డాయి. 2021లో వాళ్లకు క్షమాభిక్ష దొరికింది, 2024లో ఆమ్నెస్టీ చట్టం కూడా వచ్చింది. దేశం మాత్రం రాలేదు. యూరోపియన్ యూనియన్‌లోని ఒక్క సభ్యదేశమైనా దాన్ని గుర్తించలేదు.

అదే కాలంలో యూరోపియన్ యూనియన్‌ను బ్రిటన్ వదిలే బ్రెగ్జిట్ వచ్చింది, ఇటలీలో సాల్వీని, ఫ్రాన్స్‌లో లె పెన్ లాంటి నాయకుల పేర్లు మారుమోగాయి. వీటన్నిటినీ ఒకే గంపలో వేసి పాపులిజం అనేయడం అలవాటైంది. తెలంగాణ ఉద్యమాన్ని కూడా అందులో పడేసినవాళ్లు ఉన్నారు. ఆ మాట నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఒక ప్రాంతం తన వాటా అడగడం, పాపులిజం అనే రాజకీయ పద్ధతి, ఆ రెండూ నడిచే యూనియన్ నిర్మాణం వేటికవే వేరు. ఒకదానిలోకి ఒకటి దూరుతుంటాయి, అందుకే చిక్కు పడతాయి.

పాపులిజం అంటే ఇక్కడ నేను పింఛన్లు, ఉచిత కరెంటు గురించి మాట్లాడటం లేదు. డచ్ రాజనీతి శాస్త్రవేత్త కాస్ ముడ్డె చెప్పిన అర్థంలో వాడుతున్నాను. సమాజంలో ఒకవైపు కల్మషం లేని ప్రజలు, ఇంకోవైపు వాళ్లను దోచుకుతినే పెద్దలు, ఇంతే ఉన్నారని చెప్పే రాజకీయం అది. ప్రజల మనసు ఏమిటో నాకొక్కడికే తెలుసని నాయకుడు అంటాడు. కోర్టు అడ్డం వస్తే కోర్టు ప్రజాద్రోహి, పత్రిక ప్రశ్నిస్తే పత్రిక అమ్ముడుపోయినట్టు. లెఫ్ట్‌లోనూ రైట్‌లోనూ ఈ పద్ధతి ఉంది.

లెక్క ఉన్న కొట్లాట

తెలంగాణ వాదం ఎలా మొదలైందో ఒకసారి చూడండి. 1955లో రాష్ట్రాల పునర్విభజన మీద వేసిన ఫజల్ అలీ కమిషన్, తెలంగాణను అప్పటికి వేరుగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. ఆ సలహాను పక్కనపెట్టి 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి, ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే దక్కాలి. షరతులు కాగితం మీద ఉన్నాయి.

1969లో విద్యార్థులు రోడ్డెక్కాక ప్రభుత్వం ఏం చేసింది? మిగులు నిధులు ఎంతో తేల్చమని లలిత్ కుమార్ కమిటీని వేసింది, ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ కూర్చుంది. 1985లో తెలంగాణ జిల్లాల్లో నిబంధనలకు విరుద్ధంగా నియమితులైన స్థానికేతరులు 58,962 మంది అని ఒక అధికారుల కమిటీ చెప్పింది. ఆ ఏడాది డిసెంబర్ 30న వాళ్లను వెనక్కి పంపమని 610 జీవో వచ్చింది. గ్రూప్స్‌కు చదివిన ప్రతి ఒక్కరికీ ఆ నంబరు కంఠోపాఠం. జీవో ఇచ్చి పదిహేనేళ్లు దాటినా అమలు కాక, దాని మీద 2001లో గిర్‌గ్లాని కమిషన్ వేయాల్సి వచ్చింది.

నీళ్ల సంగతీ అంతే. తుంగభద్ర మీద రాజోలిబండ నుంచి అలంపూర్ వైపు వచ్చే ఆర్డీఎస్ కాలువకు, కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 15.9 టీఎంసీలు కేటాయించింది, ఆయకట్టు 87,500 ఎకరాలు. చివరి ఊళ్లకు ఆ నీళ్లు ఎన్నడూ పూర్తిగా రాలేదు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ రైతు ముంబైకి, పుణెకు కూలికి పోయాడు. నల్లగొండ జిల్లాలోనైతే సాగర్ డ్యామ్ కళ్లముందే ఉంది, మునుగోడు, మర్రిగూడ వైపు మాత్రం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి తరాలకు తరాలు వంకర కాళ్లతో బతికాయి. ఈ అన్యాయం గురించి మాట్లాడేటప్పుడు ఇవాళ్టికీ నా గొంతు మామూలుగా ఉండదు.

కానీ గమనించండి, ఇవన్నీ రిజిస్టర్ తెరిచి తేల్చగలిగిన గొడవలు. ఇన్ని టీఎంసీలు, ఇన్ని పోస్టులు, ఇన్ని కోట్లు. ఎదుటివాళ్లు తమ లెక్కతో వచ్చి వాదించవచ్చు, వాదించారు కూడా. ఒప్పందాన్ని సరిగా అమలు చేసి ఉంటే 1969 ఉద్యమానికి అంత బలం వచ్చేది కాదని నేను నమ్ముతాను.

అలాగని మన ఉద్యమంలో పాపులిజం ఛాయ లేదంటే అబద్ధం. పొట్టకూటికి వచ్చి టిఫిన్ సెంటర్ పెట్టుకున్నవాణ్ని, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునేవాణ్ని కూడా దోపిడీదారుల జాబితాలో వేసిన మాటలు వేదికల మీద వినిపించాయి. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద కవుల విగ్రహాలను కూల్చారు. 610 జీవో గురించి గంటసేపు మాట్లాడగలిగిన ఉద్యమానికి అది అవసరం లేదు. మన వాదనలో బలం ఉన్నది లెక్కలో, ఆ తిట్లలో కాదు.

దొంగ మారుతూ పోయిన కథ

లెక్క అడగడానికీ పాపులిజానికీ మధ్య తేడా ఎక్కడుందో బాగా తెలియాలంటే ఇటలీ చూడాలి. ఉంబెర్టో బోస్సి నాయకత్వంలో ఉత్తరాది ప్రాంతీయ పార్టీలు కలిసి 1991లో లెగా నోర్డ్ ఏర్పడింది. లొంబార్డీ, వెనెటో ఇటలీలో సంపన్న ప్రాంతాలు, ఫ్యాక్టరీలు అక్కడే ఎక్కువ. మేం కష్టపడి పన్నులు కడుతుంటే రోమ్ దోచుకుని సోమరి దక్షిణాదికి పంచిపెడుతోందన్నది లెగా వాదన. 'దొంగ రోమ్' దాని నినాదం. 1996 సెప్టెంబర్‌లో బోస్సి వెనిస్‌లో నిలబడి పడానియా అనే దేశానికి స్వాతంత్ర్యం ప్రకటించాడు. చరిత్రలో అలాంటి దేశం ఎన్నడూ లేదు.

2013లో పార్టీ మాటియో సాల్వీని చేతికి వచ్చింది. 2018 ఎన్నికల నాటికి ప్రచారంలో పేరులోంచి 'నోర్డ్' అంటే ఉత్తరం అన్న మాట ఎగిరిపోయింది, 'ఇటలీ వాళ్లే ముందు' అనే నినాదం వచ్చింది. నిన్నటిదాకా సోమరులని తిట్టిన దక్షిణాదికే పోయి ఓట్లు అడిగారు. 2018లో 17 శాతం ఓట్లు, సాల్వీనికి హోం మంత్రి పదవి వచ్చాయి. మరుసటి ఏడాది యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో 34 శాతం వచ్చాయి. ఇటలీ నుంచి విడిపోతామన్న పార్టీ ఇటలీని కాపాడే పార్టీ అయింది.

ఇది ఎలా సాధ్యమైంది? కథ మారలేదు గనుక. మంచి ప్రజలు, వాళ్ల సొమ్ము తినే దొంగ. మొదట దొంగ రోమ్, తర్వాత సముద్రం దాటి వచ్చిన వలసదారుడు, ఆ తర్వాత బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ ఆఫీసు. ఆర్డీఎస్ నీళ్లు అడిగే ఉద్యమం ఇలా మారలేదు. ఆ నీళ్లు వచ్చేదాకా దాని శత్రువు, దాని డిమాండ్ రెండూ తూము దగ్గరే ఉంటాయి.

కాటలోనియాలో రెండూ కలిసే ఉన్నాయి, అందుకే దాన్ని అంచనా వేయడం కష్టం. 2006లో అక్కడి ప్రజలు ఓటు వేసి ఒప్పుకున్న స్వపరిపాలన చట్టంలో కొన్ని భాగాలను 2010లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అది నిజమైన ఫిర్యాదు, మన పెద్దమనుషుల ఒప్పందం లాంటి గాయమే. ఆర్థిక సంక్షోభం ముదిరాక 'స్పెయిన్ మనల్ని దోచుకుంటోంది' అన్న నినాదం ముందుకు వచ్చింది. ఏటా 1600 కోట్ల యూరోలు పోతున్నాయన్నారు. కాటలోనియాలో ఖర్చు పెట్టిన డబ్బునే లెక్కిస్తే ఒక అంకె వస్తుంది. సైన్యం, రాయబార కార్యాలయాల లాంటి ఉమ్మడి ఖర్చుల్లో కాటలోనియాకు అందే ప్రయోజనాన్ని కూడా కలిపితే అంతకంటే చాలా తక్కువ అంకె వస్తుంది. సభల్లో వినిపించింది పెద్ద అంకె ఒక్కటే.

బ్రెగ్జిట్ ప్రచారంలో ఇంకా ఘోరం జరిగింది. బ్రిటన్ వారానికి 35 కోట్ల పౌండ్లు యూరోపియన్ యూనియన్‌కు పంపుతోందని ఎర్ర బస్సు మీద రాసి దేశమంతా తిప్పారు. ఆ మొత్తం ఎన్నడూ పంపలేదు. బ్రిటన్‌కు ఉన్న రిబేటును ముందే తీసేసేవాళ్లు, మిగిలినదాంట్లోంచి రైతులకు, పరిశోధనలకు కొంత తిరిగి వచ్చేది. అది తప్పుదోవ పట్టించే అంకె అని ఆ దేశ గణాంక సంస్థే చెప్పింది. అయినా బస్సు ఆగలేదు. 51.9 శాతం ఓట్లతో బ్రిటన్ బయటికి పోవాలని తేలింది. ఆ ఓటింగ్‌లో బ్రిటన్‌లో ఉంటున్న భారతీయులకు ఓటు ఉంది, ఏళ్లుగా అక్కడే బతుకుతున్న పోలండ్, ఫ్రాన్స్ పౌరులకు లేదు.

తలుపు ఎటు తెరుచుకుంటుంది

ఇప్పుడు అసలు ప్రశ్న. కాటలోనియాకు న్యాయమైన ఫిర్యాదు ఉంది, జనం ఉన్నారు, సొంత భాష ఉంది. మనకంటే డబ్బు కూడా ఎక్కువే. స్పెయిన్ సంపదలో దాదాపు ఐదో వంతు అక్కడిదే. అయినా వాళ్లకు సాధ్యం కానిది మనకు ఎలా సాధ్యమైంది?

ఇంట్లో అన్నదమ్ములు వేరుపడటం ఒకటి, ఊరే విడిచిపోవడం ఒకటి. తెలంగాణ అడిగింది మొదటిది. మన రాజ్యాంగం దానికి దారి పెట్టింది. మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతో కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చు. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ, ఆ అభిప్రాయానికి కట్టుబడనక్కరలేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. రెఫరెండం లేని లోటును ఉప ఎన్నికలు తీర్చాయి. 2010లో 12 స్థానాలకు జరిగిన ఉప ఎన్నికల్లో టీఆర్ఎస్ 11 గెలిచింది, మిగిలిన ఒక్కటి కూడా తెలంగాణకు మద్దతిచ్చిన బీజేపీకే దక్కింది.

రెండో తలుపు మాత్రం మన దగ్గర లేనే లేదు. రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని ఈ దేశాన్ని కట్టలేదు, కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో తేల్చి చెప్పారు. 1963లో 16వ సవరణ వచ్చి, ఎన్నికల్లో నిలబడేవాళ్లు దేశ సమగ్రతకు ప్రమాణం చేయాల్సి వచ్చింది. ద్రవిడనాడు అనే వేరే దేశం కావాలన్న డిమాండ్‌ను డీఎంకే ఆ ఏడాదే వదిలేసింది. ఆ తర్వాత రాష్ట్ర హక్కుల కోసం కొట్లాడే పార్టీగానే నిలబడి 1967లో అధికారంలోకి వచ్చింది.

యూరోపియన్ యూనియన్ దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. అది దేశాలు సంతకాలు చేసి కట్టుకున్న సంఘం. లిస్బన్ ఒప్పందంలోని 50వ అధికరణం ప్రకారం సభ్యదేశం ఎప్పుడైనా బయటికి పోవచ్చు. 2020 జనవరి 31న బ్రిటన్ అలాగే పోయింది. కానీ సభ్యదేశం లోపలి గీతలను మార్చే అధికారం ఆ యూనియన్‌కు లేదు. సభ్యదేశాల ప్రాదేశిక సమగ్రతను గౌరవించాలని అదే ఒప్పందంలోని 4వ అధికరణం చెబుతుంది. మనకు విడిపోయే 50వ అధికరణం లేదు, వాళ్లకు లోపల పంచిపెట్టే మూడో అధికరణం లేదు. కాటలోనియా బార్సిలోనా వీధుల్లో యూరప్ జెండాలు పట్టుకుని బ్రస్సెల్స్ వైపు చూసింది. బ్రస్సెల్స్ అది స్పెయిన్ అంతర్గత విషయం అన్నది.

అక్కడి జనానికి ఆశ కలగడానికి కారణం కూడా ఆ యూనియనే. ఐదున్నర లక్షలకు పైగా జనాభా ఉన్న మాల్టాకు యూనియన్‌లో సొంత కమిషనర్ ఉన్నాడు, కీలక విషయాల్లో వీటో ఉంది. 80 లక్షల మంది ఉన్న కాటలోనియాకు మంత్రుల మండలిలో సొంత కుర్చీ లేదు. పెద్ద మార్కెట్‌నూ, కరెన్సీనీ యూనియనే ఇస్తున్నప్పుడు చిన్న దేశంగా బతకడం కష్టమేమీ కాదన్న వాదన తప్పు కాదు. చిక్కంతా మధ్యలో ఉంది. విడిపోయిన ప్రాంతం యూనియన్ బయటి దేశం అవుతుందని, మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని 2004లోనే, యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు రొమానో ప్రోడి చెప్పారు. కొత్త సభ్యుడు చేరాలంటే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి, అంటే స్పెయిన్ కూడా. తన ఇంట్లో ఇదే భయం ఉండబట్టే సెర్బియా నుంచి విడిపోయిన కొసోవోను స్పెయిన్ ఇప్పటికీ గుర్తించలేదు. గ్రీస్, రొమేనియా, స్లొవేకియా, సైప్రస్ కూడా గుర్తించలేదు.

ఈ సంగతి అందరికంటే ముందు బ్యాంకులకు అర్థమైంది. 2017 అక్టోబర్ మొదటి వారంలోనే కైషాబ్యాంక్ తన రిజిస్టర్డ్ ఆఫీసును వాలెన్సియాకు, సబదెల్ బ్యాంక్ అలికాంటెకు మార్చేశాయి. కాటలోనియా నిజంగా విడిపోతే యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అండ పోతుంది, డిపాజిటర్లకు టెన్షన్ మొదలవుతుంది. వేలాది కంపెనీలు అదే దారి పట్టాయి. లాఠీల కంటే ఇదే ఆ ఉద్యమాన్ని ఎక్కువ దెబ్బ తీసిందని నా అంచనా.

స్కాట్లాండ్ పరిస్థితి ఇంకో రకం. 2014లో వాళ్లను ఆపిన వాదనల్లో ఒకటి, విడిపోతే యూరోపియన్ యూనియన్ పోతుందని. రెండేళ్లకు బ్రిటనే యూనియన్‌ను వదిలేయాలని ఓటు వేసింది. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలన్నా వాళ్ల మాట చెల్లలేదు. న్యాయంగా చూస్తే వాళ్ల వాదన బలపడింది. ఆచరణలో మాత్రం కష్టమైంది. ఇప్పుడు స్కాట్లాండ్ విడిపోయి యూనియన్‌లో చేరితే, తన సరుకులో సగానికి పైగా కొనే ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లతో మధ్యలో కస్టమ్స్ సరిహద్దు వస్తుంది. లండన్ అనుమతి లేకుండా ఇంకో రెఫరెండం పెట్టలేరని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది.

ఇద్దరూ ఒప్పుకుంటే ఏ రాజ్యాంగమూ అడ్డం రాదు. చెకొస్లొవేకియా 1993 జనవరి 1న రెఫరెండం కూడా లేకుండా రెండయింది, 2004లో రెండూ యూనియన్‌లో చేరాయి.

మన మూడో అధికరణాన్ని చూసి మరీ మురిసిపోనక్కరలేదు. ఆ తలుపు తాళం ఢిల్లీ మెజారిటీ చేతిలో ఉంది. విదర్భ, గూర్ఖాలాండ్ దశాబ్దాలుగా దాని ముందే నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు మన వంతు

రాష్ట్రం వచ్చాక లెక్కలు ముగియలేదు. ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ఇచ్చిన 811 టీఎంసీల కృష్ణా నీళ్లను 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని పంచుకున్నారు. దాన్ని తిరగదోడే పని 2023 అక్టోబర్‌లో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. నల్లగొండకు శ్రీశైలం నీళ్లు తేవాల్సిన ఎస్ఎల్‌బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు, ఒక్కరూ బతికి రాలేదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. మన పొలాలకు నీళ్లు తెచ్చే పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ మాట ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, ఇప్పుడు దక్షిణాదిలో కొత్త వాదన ఒకటి నడుస్తోంది. మనం పన్నులు కడుతుంటే ఢిల్లీ ఉత్తరాదికి పంచుతోందని. అందులో నిజమైన లెక్క ఉంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు ఇచ్చే మొత్తంలో తెలంగాణ వాటా 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతం ఉంటే 15వ ఆర్థిక సంఘం దాన్ని 2.102కు తగ్గించింది. 2026 తర్వాతి జనగణనతో లోక్‌సభ సీట్ల పునర్విభజన రావచ్చు, జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు సీట్ల బలం తగ్గుతుందన్న భయం ఉంది. ఇవి అడగాల్సిన ప్రశ్నలే, గట్టిగా అడగాలి. కానీ సోషల్ మీడియాలో అదే వాదన 'సోమరి బిహారీ' దాకా పోతోంది. లెగా నోర్డ్ మాటకు ఇది అచ్చంగా తెలుగు కాపీ.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన సూత్రంలో 45 శాతం వెయిటేజీ ఆదాయ వ్యత్యాసానికి ఉంది. అంటే తలసరి ఆదాయం ఎంత తక్కువైతే అంత ఎక్కువ వాటా. బిహార్‌కు డబ్బు వెళ్లేది, తెలంగాణకు తగ్గేది ప్రధానంగా ఇక్కడే. మరి రాష్ట్రం లోపల పాలమూరు ఏం అడుగుతోంది? తలసరి ఆదాయంలో నారాయణపేట, గద్వాల రంగారెడ్డి జిల్లా దరిదాపుల్లో కూడా లేవు. హైదరాబాద్ చుట్టూ వచ్చే పన్నుల్లోంచి మా ఎత్తిపోతలకు, మా కాలేజీలకు ఎక్కువ ఇవ్వండని పాలమూరు అడగడం న్యాయమే. ఆ న్యాయానికి ఆధారం కూడా ఆదాయ వ్యత్యాసమే. ఒకటి కావాలి, రెండోది వద్దు అనడానికి కుదరదు.

వెయిటేజీ 45 ఉండాలా 35 ఉండాలా అని వాదించవచ్చు. అంతకంటే ముందు సెస్సులు, సర్‌చార్జీల సంగతి అడగాలి. ఆ రూపంలో కేంద్రం వసూలు చేసే డబ్బు 270వ అధికరణం ప్రకారం రాష్ట్రాలకు పంచే మొత్తంలోకి రాదు. దానివల్ల తెలంగాణకూ నష్టమే, బిహార్‌కూ నష్టమే. ఈ కొట్లాట మొదలైతే మిర్యాలగూడ రైస్‌మిల్లు ఓనరు, ఆ మిల్లులో బస్తాలు మోసే బిహారీ హమాలీ ఇద్దరూ ఒకే వైపు ఉంటారు.